మునియప్ప మీసం

ఈ రోజుల్లో గోడకు పుట్టీ పూసేవాణ్ణి కూడా మేస్త్రీ అంటున్నారు. డబ్బా మూత తీసి, నీళ్ళు కలిపి, రేకుతో అటూ ఇటూ గీకేవాడు మేస్త్రీ అయితే, దోసె పోసే ప్రతివాడూ శిల్పే. నాకు ఈ సంగతి మీద మంట. అరవై ఒకటో ఏట కూడా చల్లారలేదు. తమిళనాట మా ధర్మపురి బస్టాండు వెనక టీకొట్టులో ఎవరైనా "సీనప్ప ఎవరు?" అని అడిగితే, "లోపల కోపంగా ఎవరు కూర్చుని ఉంటే ఆయనే" అని చెబుతారట. చెప్పుకోనీ.

మా ఇంట్లో నాలుగు తరాలుగా సున్నంతో బొమ్మలు చేసే పని. ఇక్కడ సుదై పని అంటారు. పాత ఇళ్ళ పిట్టగోడల మీద నెమళ్ళు, సింహాలు, ఏనుగుల నడుమ లక్ష్మి, వాకిలి పైన తీగలూ పువ్వులూ, ఇవన్నీ మా వాళ్ళు పెట్టినవే. సున్నం నెలరోజులు నానాలి. ఇసుకతో కలిపి రుబ్బాలి. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి మళ్ళీ రుబ్బాలి. వేలితో తీస్తే వెన్నలా రావాలి. అప్పుడు గానీ బొమ్మ మీద చెయ్యి పెట్టకూడదు. ఇంత ఓపిక ఇప్పుడెవరికుంది? పదకొండేళ్ళుగా నేనూ అపార్టుమెంట్లలో పుట్టీయే గీకుతున్నాను. మంట అందుకే.

అలాంటి నాకు జూన్ మొదట్లో కంబైనల్లూరు అవతలి పల్లె నుంచి రంగరాజు ఫోన్ చేశాడు. మావాళ్ళలాగే ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు, నేల ఉన్నవాళ్ళు. వాళ్ళ పాత ఇంటి వాకిలి పైన ఊరు కాసే దేవుడి సున్నపు బొమ్మ ఒకటి ఉందట.

"మునియప్ప సామి, మేస్త్రీ. మొహమే తెలీకుండా పోయింది. మా అమ్మ మొక్కుకోనుండాది, మనవరాలికి ఉద్యోగం వస్తే సామి మొహం తెరిపిస్తానని. మా కవిప్రియకు తాలూకా ఆఫీసులో వచ్చేసింది. ఆడి నెల పద్దెనిమిది పండక్కి పని అయిపోవల్ల."

"సిమెంటుతోనా, సున్నంతోనా?" అని అడిగాను.

"అమ్మ సున్నమే అనింది."

ఆ ఒక్క మాటకే నేను సగం ఒప్పుకున్నాను. మిగతా సగం ఇంటిని చూశాక ఒప్పుకున్నాను.

బొమ్మ ఎదురుగా నిలబడితే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏటా పండక్కి ఒక పూత చొప్పున అరవై డెబ్బై సున్నపు పూతలు దాని మీద పేరుకుని ఉన్నాయి. కుండకు మొలిచిన కుండలా ఉంది. తలపాగా ఉందనిపించింది. కుడి చేతిలో పొడుగ్గా ఏదో ఉంది, అది కొడవలి అని ఇంట్లోవాళ్ళ నమ్మకం. ఎడమ చేతిలో గుండ్రంగా ఉన్నది నిమ్మకాయ. కాళ్ళ దగ్గర ఉన్న ముద్ద పులి. ముక్కూ నోరూ మాత్రం ఎవరికీ గుర్తులేవు.

దాని కిందే నులకమంచం వేసుకుని పాపక్క కూర్చుని ఉంది. రంగరాజు తల్లి. ఎనభై దాటాయి. చూపు బాగానే ఉంది, చెవులు ఇంకా బాగున్నాయి, నోటి సంగతి చెప్పక్కర్లేదు. లోపల కోడలు ఇళవరసి గిన్నె కింద పెడితే, ఏ గిన్నె పెట్టిందో ఇక్కణ్ణుంచే చెప్పి, ఎందుకు పెట్టిందని కూడా అడుగుతుంది.

"నువ్వు చిన్నప్ప మేస్త్రీ మనవడివి కదా?" అంది నన్ను చూడగానే.

"ఆమా, పెద్దమ్మా."

"అయితే సరి. మొహం ముందు ఎట్లుండెనో అట్లే రావల్ల. నీ ఇష్టానికి మార్చొద్దు. అరవై ఏండ్లుగా నా మంచీ చెడ్డా అంతా ఈయనకే చెప్పుకోనుండాను. పొయ్యేలోపల ఒక్కసారి మొహం చూసుకోవల్ల."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు మారింది. నేను మామూలుగా ఎవరికీ మాటివ్వను. ఆ రోజు ఇచ్చాను.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. దేవుడి బొమ్మకు పని మొదలుపెట్టాక చుట్టూ తడిక కట్టేస్తాం. కళ్ళు పెట్టి, దేవుడికి అద్దం చూపించేదాకా మేస్త్రీ తప్ప ఎవరూ చూడకూడదు. ఎక్కి నిలబడడానికి కర్రలతో సారవ కట్టుకుని, తడిక బిగించి, చిన్న ఉలితో పూతలు ఒలవడం మొదలుపెట్టాను. వత్తల్‌మలై కొండ నుంచి తెప్పించిన కరక్కాయలు కింద తొట్టిలో నానుతున్నాయి. పదకొండేళ్ళ తర్వాత ఆ వాసన తగిలేసరికి, సిగ్గు విడిచి చెబుతున్నాను, కళ్ళు తడిశాయి.

నాలుగో రోజు కొడవలి బయటపడింది. అది కొడవలి కాదు, చేతికర్ర.

ఐదో రోజు నిమ్మకాయ కింద సాసరు వచ్చింది. దేవుడి చేతిలో సాసరేమిటని గంటసేపు ఆలోచించాను. ఆ పైన కప్పు పిడి కూడా వచ్చాక ఆలోచించడం మానేశాను. ఏడో రోజుకు పులి చెవులు వేలాడేసుకుని కుక్కగా తేలింది. తొమ్మిదో రోజుకు తలపాగా అంచు టోపీ అయ్యింది. కోటు, కోటుకు ఆరు గుండీలు, మోకాళ్ళ దాకా బూట్లు, ఆ బూట్లకు లేసులు, లేసులకు ముడులు. గడ్డం లేదు, మీసం లేదు. పెదాల మీద చిన్న నవ్వు.

కుర్చీలో కూర్చుని టీ తాగుతున్న తెల్లదొర!

బొమ్మ వెనక చెయ్యి పెట్టి తడిమాను. ఉంది. చిటికెన వేలంత బల్లి. మా తాత చిన్నప్ప తను చేసిన ప్రతి బొమ్మ వెనకా దొంగచాటుగా ఒక బల్లిని పెట్టేవాడు. తాత చెప్పిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆ కాలంలో కాస్త కలిగినవాళ్ళు ఇంటి మీద దొర బొమ్మ పెట్టించుకునేవాళ్ళట, దొర కూర్చుని ఉన్నాడంటే దొంగలు రారని.

తాత పని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. గుండీల రంధ్రాలు కూడా చేశాడు, మహానుభావుడు. నాకు దొరికిన తప్పు ఒక్కటే. చెవులు. ఆ మొహానికి ఆ చెవులు మరీ పెద్దవి. వీలు చూసుకుని కాస్త చెక్కేద్దామనుకున్నాను.

రంగరాజును పైకి రమ్మని, తడిక పక్కకు జరిపి చూపించాను. ఆయన చూశాడు. టోపీ చూశాడు, కప్పు చూశాడు, బూట్లు చూశాడు. తర్వాత సారవ కర్రను వాటేసుకున్నాడు.

"ఏటా ఆడిలో వీనికా మేము పుంజును కోసింది?"

"అట్లే ఉండాది, అన్నా."

"అయ్యో సామీ! మా అమ్మ గుండెలో స్ప్రింగు పెట్టి రెండేండ్లు కాలేదే మేస్త్రీ! మునియప్ప అనుకోని అరవై ఏండ్లు కర్పూరం పెట్టినాది. ఇప్పుడు పోయి, అమ్మా, వాడు టీ తాగే దొర అంటే ఆ గుండె నిలుస్తాదా?"

నా చెవిలోనూ పాపక్క మాటే మోగుతోంది, పొయ్యేలోపల ఒక్కసారి మొహం చూసుకోవల్ల అని.

ఆయన దొర మొహం వంక మళ్ళీ చూసి, గొంతు బాగా తగ్గించాడు. "ఇంకొకటి ఉండాది. నా కండ్లు చూసినావా?"

చూశాను. పిల్లి కళ్ళు. ఆ ఊళ్ళో ఆయనకొక్కడికే.

"మా ముత్తాత ఇంటి మీద దొర ఎందుకు కూర్చున్నాడని ఊర్లో ఒక్కడు అడిగితే చాలు. రెండోవాడు నా మొహం చూస్తాడు. మూడోవాడు ఇంక నోరు ముయ్యడు. ఎట్లయినా చెయ్యి, వీన్ని మునియప్పను చేసెయ్యి. పెద్ద మీసె, తలపాగా, కొడవలి. సిమెంటుతో పెడితే ఒక్క పూటలో గట్టిపడతాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా తాత మొహం మీద సిమెంటా? తాత మొహం కాదులెండి, తాత చేసిన మొహం. నాకు రెండూ ఒకటే. బూటు లేసుకు ముడి వేసినవాడి పని మీద బస్తా సిమెంటు కుమ్మరించమంటే, ఆ చేతిని నరుక్కోవడం మేలు. అదే మాట ఆయనతో అన్నాను, ఇంకొంచెం మొరటుగా అన్నాను.

పని వదిలేసి పోదామని కిందికి దిగితే పాపక్క పిలిచింది. మజ్జిగ లోటా చేతికిచ్చి, లోపల కోడలుందేమో అని ఒకసారి తొంగిచూసి, గుసగుసగా అడిగింది.

"సీనప్పా, కాళ్ళకుండేది పోలేదు కదా? పక్కన ఉండేది కూడా ఉందా?"

మునియప్ప కాళ్ళ కడియాలూ, పక్కన పులీ అనుకున్నాను. "అన్నీ ఉండాయి, పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ మొహం విప్పారింది. "బాగున్నాడా?"

ఆ అడగడం, ఊరికి పోయిన మనిషి క్షేమం అడిగినట్టుంది. మా తాత పని గొప్పదే. ఈ ముసలామె అరవై ఏళ్ళ నమ్మకం అంతకన్నా చిన్నదని చెప్పడానికి నేనెవణ్ణి? లోటా ఇచ్చేసి మళ్ళీ పైకెక్కాను.

కాకపోతే నా షరతులు నావి. సిమెంటు ముట్టనన్నాను. తాత బొమ్మకు నిండా ఆముదం రాశాను, కొత్త సున్నం దాన్ని కరుచుకోకుండా. కరక్కాయ లేదు, బెల్లం లేదు, ఒట్టి సున్నమూ సన్నిసుకా కలిపి, పండగకు రెండు రోజుల ముందు మునియప్పను పెట్టాను. దొర టోపీ తలపాగాలో దాగింది. చేతికర్రకు కొడవలి వంపు వచ్చింది. కప్పు నిండా సున్నం కూరి నిమ్మకాయ చేశాను. కుక్కకు చారలు పెట్టాను, పాపం అది మాత్రం ఏం చేస్తుంది. చివరికి మీసం. చెవుల దాకా మెలితిరిగిన మీసం. కోపంతో చేశానేమో, అబద్ధం ఎందుకు, చాలా బాగా వచ్చింది.

"ఇది ఆరేదానికి పది దినాలు పడతాది, అన్నా. ఎవరూ ముట్టకూడదు. నీళ్ళు కాళ్ళ మీదే పొయ్యవల్ల. తలమీద చుక్క పడకూడదు" అని రంగరాజుకు మరీమరీ చెప్పాను. పండగయ్యాక అమ్మకు తెలియకుండా గట్టి సున్నం వేసుకోవచ్చని ఆయన అనుకున్నాడు. నేనేమనుకున్నానో నాకే తెలియదు.

ఆడి పద్దెనిమిది వచ్చింది. చుట్టాలు నలభైమంది దిగారు. హోసూరు నుంచి కారులో వచ్చినవాళ్ళు, పక్క పల్లె నుంచి ట్రాక్టరులో వచ్చినవాళ్ళు. కవిప్రియ పొద్దున్నే హొగేనక్కల్ పోయి, ఆ జనంలో పడి ఒక ప్లాస్టిక్ క్యానుతో కావేరి నీళ్ళు తెచ్చింది. క్యాను కొంచెం చేపల వేపుడు వాసన కొడుతోంది. పుంజు వేపచెట్టుకు కట్టేసి ఉంది. దానికి తప్ప అందరికీ సంతోషంగానే ఉంది.

పాపక్క కొత్త చీర కట్టుకుని, వాకిలికి ఎదురుగా కుర్చీ వేయించుకుంది. తల దువ్వించుకుంది. పూలు పెట్టించుకుంది. కోడలు "అత్తా, ఎండగా ఉండాది, తిన్నె మీద కూర్చో" అంటే కసిరేసింది.

నేను పైకెక్కి కళ్ళు దిద్దాను. అద్దం చూపించాను. తడిక లాగేశాను.

"మునియప్పా!" అని నలభై గొంతులు అరిచాయి. ఒకాయన అప్పుడే పూనకానికి సిద్ధమైపోయాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి. రంగరాజు గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలాడు.

నేను చూస్తున్నది మాత్రం పాపక్కను. ఆవిడ నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగిపోయింది. మొహంలో పొద్దున్నుంచీ ఉన్న వెలుగు ఆరిపోయింది.

"ఇదేనా?" అంది. అంతే. ఎవరికీ వినపడలేదు. నాకు పెదాలు కనపడ్డాయి.

పెళ్ళిచూపుల్లో ఒకణ్ణి చూపించి పీటల మీద ఇంకొకణ్ణి కూర్చోబెడితే అలా ఉంటుంది మొహం. అప్పుడు నా మట్టిబుర్రకు ఎక్కింది. కాళ్ళకుండేది. పక్కన ఉండేది. ముందు ఎట్లుండెనో అట్లే. ఈమె అడిగింది మునియప్పను కాదు.

కవిప్రియ క్యాను పట్టుకుని నిచ్చెన ఎక్కి నా పక్కకు వచ్చింది. "మేస్త్రీ తాతా, ఎక్కడ పొయ్యల్ల?"

కింద రంగరాజు ఒక చేత్తో హారతి పళ్ళెం పట్టుకుని, రెండో చేత్తో తన పాదాలు తనే తట్టి చూపిస్తున్నాడు. కాళ్ళు, కాళ్ళు.

నేననుకున్నది తప్పయితే ఆ ముసలామె గుండె ఆగుతుంది. తప్పుకాకపోతే రంగరాజు గుండె ఆగుతుంది. నేను ఒక్కసారి పాపక్కను చూసుకున్నాను.

"తలమీద పొయ్యమ్మా" అన్నాను. "క్యానంతా పొయ్యి."

మొదట కుడి మీసం జారింది. నింపాదిగా, చెంప మీదుగా, గడ్డం దాకా వచ్చి కాసేపు వేలాడి, కింద రంగరాజు పట్టుకున్న హారతి పళ్ళెంలో పడింది. ఎడమ మీసం దాని వెనకే వచ్చింది. తలపాగా ఒక పక్కకు ఒరిగి, ముద్దగా దిగిపోయింది. టోపీ తేలింది. నిమ్మకాయ కరిగి కప్పు వచ్చింది. కావేరి నీళ్ళలో కుక్క చారలు కొట్టుకుపోయాయి. పూనకం వచ్చినాయన మధ్యలో ఆగి, కళ్ళు తెరిచి చూసి, మెల్లగా కూర్చున్నాడు.

పుంజు కూడా నోరు మూసుకుంది.

"వచ్చినావా, దొరా!" అంది పాపక్క.

ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. నవ్వుతోంది, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. రంగరాజు పళ్ళెంతో సహా పరిగెత్తి, "అమ్మా, అమ్మా, మాత్ర వేసుకో" అన్నాడు.

"నీ మాత్ర నువ్వే వేసుకో. నాకేమైంది?" అని కసిరి, చుట్టాల వైపు తిరిగింది. "ఏమట్లా చూస్తారు? నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకు పదహారేండ్లు. మా అత్త ఎట్లాంటి మనిషో మీలో ముసలోళ్ళకు తెలుసు. నిలబడితే తప్పు, కూర్చుంటే తప్పు. పక్కింట్లో చెప్పుకుంటే పొద్దు గూకేలోపల ఆమె చెవిలో పడతాది. పుట్టినిల్లేమో కృష్ణగిరి అవతల. ఎవరికి చెప్పుకునేది? తలెత్తి చూస్తే ఈయన కూర్చోనుండాడు. దొర కదా, తెలుగు రాదు. అత్తను ఎంత తిట్టినా పోయి చెప్పడు. అట్ల మొదలైంది."

"మరి మునియప్ప?" అన్నాడు రంగరాజు నీరసంగా.

"మీ అవ్వ పెరుమాళ్ భక్తురాలు. ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానీదు. నా నోరు చచ్చిపోయిందిరా. ఒక దినం పొద్దున్నే లేచి, మునియప్ప కలలోకి వచ్చినాడు, దొర బొమ్మలో చేరినాడంట, ఏటా ఆడిలో పుంజు కావల్లంట అని చెప్పినాను. ఆమెకు మునియప్ప అంటే చచ్చేంత భయం. పూతల మీద పూతలు పడి దొర మొహం పోయింది. మీరంతా పుట్టేసరికి మునియప్పే మిగిలినాడు. యాభై ఏండ్లుగా సున్నం ముద్దతో మాట్లాడుతా ఉండాను. ఇప్పుడు చూసినాను. చాలు."

హోసూరు పెద్దాయన లేచాడు. "అయితే ఇన్నేండ్లుగా మేము దొరకు పుంజును కోసినామా?"

"తినింది మీరే కదా, పెరియసామీ? ఒక్క ఏడాదైనా వద్దన్నావా?"

పెరియసామి కూర్చున్నాడు. అప్పుడు ఒక ముసలమ్మ దొర మొహాన్నీ, రంగరాజు మొహాన్నీ మార్చి మార్చి చూడడం మొదలుపెట్టింది. రంగరాజు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఏమే, ఏం చూస్తావు?" అంది పాపక్క. "ఆ పిల్లి కండ్లు మా నాయనవి. వీడు పుట్టకముందే పోయినాడు. దొరను చేసింది చిన్నప్ప మేస్త్రీ, దొర ఈ ఊరి దిక్కుకే రాలేదు. పొయ్యి, మసాలా నూరు పో."

ఆ రోజు పుంజు కూర చాలా బాగుంది. నాకు పాపక్క తన చేత్తో వడ్డించింది. "మార్చొద్దని చెప్పినాను కదరా" అని ఒకటి తిట్టి, ఇంకో ముక్క వేసింది. బొమ్మను నీళ్ళతో తుడిచి, మా తాత పని తాత పనిగా, లేసు ముడితో సహా నేను బయటకు తీసేసరికి సాయంత్రమైంది. రంగరాజు ఆ పైన కొన్నాళ్ళు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగాడని విన్నాను.

మర్నాడు పొద్దున సారవ విప్పడానికి వెళ్ళాను. చెవుల సంగతి కూడా చూద్దామని చిన్న ఉలి సంచిలో వేసుకున్నాను. చుట్టాలంతా వెళ్ళిపోయారు. లోపల పాపక్క గొంతు ఖంగుమంటోంది, రసంలో ఉప్పెక్కువైందని ఒకసారి, మిరియాలు తక్కువైనాయని ఒకసారి.

వాకిట్లో ముగ్గు గిన్నె పక్కన పెట్టి, కోడలు ఇళవరసి ఒక్కతే నిలబడి ఉంది. తలెత్తి దొర వంక చూస్తోంది. చీపురు చేతిలో ఆడిస్తూ, చాలా మెల్లగా, ఆపకుండా ఏదో చెబుతోంది. మధ్యలో ఒకసారి ముక్కు చీదుకుంది. ఒకసారి పాపక్క నడకను అనుకరించి చూపించింది. దొర కప్పు పట్టుకుని, అదే చిన్న నవ్వుతో వింటున్నాడు.

నేను చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి, రోడ్డు అవతల టీకొట్టులో కూర్చున్నాను. సారవ విప్పేసరికి మధ్యాహ్నమైంది. ఉలిని సంచిలోంచి తీయలేదు. ఆ చెవులు ఆ మాత్రం పెద్దవిగా ఉండాల్సిందే. మా తాతకు పని తెలుసు.